అవ్వ, అమ్మ, బిడ్డ

ఖిలా వరంగల్. మట్టికోట లోపల, రాతికోటకు దగ్గర్లో ఒక ఇల్లు. ఆ ఇంట్లో ముగ్గురు ఆడవాళ్లు. అవ్వకు 68 ఏళ్లు. అమ్మకు 42. బిడ్డకు 12.

బిడ్డ ఈ ఏడు అమ్మ భుజం దాటింది. నిరుడు కుట్టించిన లంగాలు పొట్టి అయినయి.

"ఎంత పెట్టినా ఆకలే అంటది. ఆడపిల్లకు గింత ఆకలి ఏందో!" అంటది అవ్వ.

"ఎదిగే పిల్ల అత్తమ్మా, తిననియ్యి" అంటది అమ్మ.

ఎవరి మాట నిజం? ఒక్కనాడు చూస్తే తేలదు. ఒక్క మనిషిని చూసినా తేలదు. చాలామందిని ఏళ్లకేళ్లు చూడాలి. అట్ల చూసినవాళ్లు ఉన్నారు. అదీ ఏ దూరదేశంలోనో కాదు. హైదరాబాద్ చుట్టుపక్కల పల్లెల్లోనే.

ఉప్మా తిన్న ఊళ్లు

అది 1987. అంగన్‌వాడీ పథకం అప్పటికి అన్ని ఊళ్లకు రాలేదు. పథకం వచ్చిన 15 ఊళ్లలో గర్భిణులకు, బాలింతలకు, ఆరేళ్లలోపు పిల్లలకు ఉప్మా పెట్టారు. మక్కజొన్న, సోయా కలిపిన పిండితో చేసిన ఉప్మా. పథకం రాని 14 ఊళ్లలో ఆ ఉప్మా లేదు. 1990 దాకా ఈ రెండు రకాల ఊళ్లలో పుట్టిన పిల్లల బరువు చూశారు.

పిల్లలు పెరిగారు. 2003-05లో జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు, వాళ్లతో కలిసిన పరిశోధకులు మళ్లీ ఆ ఊళ్లకు పోయారు. ఆ పిల్లలకు అప్పుడు 13 నుంచి 18 ఏళ్లు. 1,165 మంది ఎత్తు కొలిచారు. రక్తం పరీక్ష చేశారు. రక్తనాళాలు మెత్తగా ఉన్నాయా, బిరుసెక్కాయా అని చూశారు.

ఉప్మా పెట్టిన ఊళ్ల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ ఎత్తున్నారు. అంటే బొటనవేలి వెడల్పు అంత కూడా లేదు. ఇంతేనా అనిపిస్తది. కానీ అసలు సంగతి లోపల ఉంది. వాళ్ల రక్తనాళాలు తక్కువ బిరుసుగా ఉన్నాయి. ఒంట్లో చక్కెరను అదుపు చేసే ఇన్సులిన్ మెరుగ్గా పనిచేస్తోంది. ముందుముందు షుగరు, గుండెజబ్బు వచ్చే భయం అంత తక్కువన్నమాట.

ఆ పిల్లలకే 20 నుంచి 25 ఏళ్లు వచ్చినప్పుడు ఇంకో లెక్క తీశారు. ఉప్మా ఊళ్లవాళ్లు చదువులో ముందున్నారు. ఆ వయసుకే పెళ్లయినవాళ్లు వారిలో తక్కువ. ఊళ్లను చీటీలేసి ఎంచలేదు గనుక అంతా ఉప్మా మహిమే అనలేం. అయినా కడుపులో ఉన్నప్పటి తిండి పాతికేళ్ల తర్వాత కూడా లెక్కకు వస్తున్నది.

పన్నెండేళ్ల ఆకలి

ఆడపిల్ల పెద్దమనిషి కావడానికి ముందు ఏడాది, రెండేళ్లు ఎత్తు జోరుగా పెరుగుతది. పెద్దమనిషి అయినంక ఆ జోరు తగ్గుతది. నెలనెలా రక్తం పోతది. ఆ రక్తం మళ్లీ పట్టాలంటే ఇనుము కావాలి. ఆకుకూర, పప్పు, వీలైతే మాంసం. బడిలో వారానికోసారి ఇచ్చే ఇనుము మాత్ర కూడా అందుకే.

ఎముక సంగతి వేరు. దాదాపు 30 ఏళ్ల దాకా ఎముక గట్టిపడుతది. తర్వాత ఉన్నదాన్ని కాపాడుకోవడమే. ముట్లు ఆగినంక కొన్నేళ్లు ఎముక గబగబా పలచనవుతది. చిన్నప్పుడు నింపుకున్నది తక్కువైతే ముసలితనంలో జారిపడితే చాలు, తుంటి విరుగుతది. అవ్వ నడుము వంగింది ఇప్పుడే. ఆ కథ మొదలైంది ఎన్నడో.

పెద్ద వయసువాళ్లను చూసేందుకు 2017-18లో దేశమంతా ఇంకో సర్వే మొదలైంది. 45 ఏళ్లు దాటినవాళ్లు, వాళ్ల భార్యలు లేదా భర్తలు కలిపి 72,000 మందికి పైగా అందులో ఉన్నారు. తెలంగాణ వాళ్లూ ఉన్నారు. చేతి పట్టు ఎంతుందో చూశారు. పది మాటలు చెప్పి, కొంతసేపయ్యాక అవే మళ్లీ చెప్పమన్నారు. చదువుకున్నవాళ్లు ఎక్కువ మాటలు చెప్పగలిగారు. ఇట్లాంటి పరీక్షలు బడికి పోయినవాళ్లకే అలవాటు, అదీ నిజమే.

పేరు గుర్తుకు రావడం ఆలస్యమైతే అది వయసు. ఎప్పుడూ నడిచే దారిలో ఇల్లు మరిచిపోతే మాత్రం డాక్టరుకు చూపించాలి.

కోట ఇంట్లో బిడ్డ తలుపు దగ్గర నిలబడి బొగ్గుతో ఎత్తు గీసుకున్నది. అవ్వను కూడా నిలబెట్టి గీసింది. అవ్వ గీత కిందికి ఉంది.

"లగ్గమప్పుడు మీ తాత చెవిదాకా ఉంటి బిడ్డా. గిప్పుడు భుజం కాడికొచ్చిన" అన్నది అవ్వ.

వయసు మీద పడితే వెన్నెముక కుంగి మనిషి కొంత పొట్టి అవుతడు. అది అందరికీ ఉన్నదే.

ఆ రాత్రి అమ్మ బిడ్డకు గుడ్డు వేసింది. అత్తకు వేసింది. తన కంచంలో చారు పోసుకున్నది. అవ్వ అటు చూసింది.

"మరి నీ గుడ్డేదే?" అన్నది.