బన్నును పొంగించే ఈస్టు, బిడ్డ నోట్లో తెల్లపూత

యాంటీబయాటిక్ మొదలుపెట్టిన కొద్ది రోజులకు కొందరు బిడ్డల నాలుక మీద, బుగ్గల లోపల విరిగిన పాలలాంటి తెల్లపూత కనబడుతుంది. పాలమడ్డి అయితే తడిగుడ్డతో తుడిస్తే పోతుంది, ఇది అంత సులభంగా పోదు. "సిస్టర్, ఇంకా పవరున్న యాంటీబయాటిక్ ఇప్పించండి" అని తల్లులు అడుగుతుంటారు. కానీ ఆ పూతకు కారణం బాక్టీరియా కాదు, క్యాండిడా అనే ఈస్టు. మీరు పేషెంటు కోసం చిత్తూరులోనో తిరుపతిలోనో బేకరీలో కొని తెచ్చే బన్నును పొంగించే ఈస్టుకు అది దూరపు చుట్టం.

ఈస్టు అంటే ఒకే ఒక కణం. మన కణాల్లాగే దానికీ కేంద్రకం ఉంటుంది. పెరగాలంటే ప్రోటీన్లు కావాలి, వాటిని తయారుచేసే యంత్రాలే రైబోజోములు. బేకరీ ఈస్టు జోరుగా పెరిగేటప్పుడు ఒక్కొక్క కణం నిమిషానికి సుమారు 2,000 రైబోజోములను కట్టుకుంటుంది! మొదట కేంద్రకంలో ఒకచోట ఆర్.ఎన్.ఏ. అనే పొడవాటి దారం తయారవుతుంది. దాన్ని కత్తిరించి, మడిచి, 79 రకాల ప్రోటీన్లను వాటి వాటి చోట అమర్చాలి. ఇందుకు 200కు పైగా సహాయక ప్రోటీన్లు పనిచేస్తాయి. పని కాగానే అవి తప్పుకుంటాయి, ఇల్లు కట్టాక సారువ కట్టెలు విప్పేసినట్టు. చిన్న భాగం, పెద్ద భాగం వేర్వేరుగా కేంద్రకం దాటి వస్తాయి. సరిగా ఉన్నాయో లేదో పరీక్ష జరిగాకే రెండూ కలిసి పని మొదలుపెడతాయి. మన ఒంట్లోనూ ఇంచుమించు ఇదే పద్ధతి. ఈ కట్టుబడిలో లోపముంటే డైమండ్-బ్లాక్‌ఫాన్ రక్తహీనత లాంటి అరుదైన జబ్బులు వస్తాయి.

బాక్టీరియా రైబోజోముల నిర్మాణం వేరు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో నడిపిన పరిశోధనశాల నుండి 1948లో వచ్చిన ఆరియోమైసిన్ వాటినే పట్టి ఆపుతుంది. డాక్సీసైక్లిన్, అజిత్రోమైసిన్ చేసేదీ అదే పని. ఈస్టు రైబోజోము మనదాని పోలికలో ఉంటుంది కనుక ఈ మందులకు అది లొంగదు. పైగా నోట్లో ఈస్టును అదుపులో ఉంచే మంచి బాక్టీరియా చనిపోయి, దానికి ఇంకా చోటు దొరుకుతుంది.

కాబట్టి పూతను గీకకండి, నర్సుకు చూపించండి. డాక్టరు రాసేది ఈస్టు పైపొరను దెబ్బతీసే నిస్టాటిన్ చుక్కలో, క్లోట్రిమజోల్ పూతమందో. జ్వరానికి రాసిన యాంటీబయాటిక్‌ను మాత్రం మీ అంతట మీరు ఆపకండి. పెద్దవారిలో షుగరు ఉన్నవారికి, ఆస్తమాకు స్టెరాయిడ్ పీల్చేవారికి కూడా ఈ పూత వస్తుంది. పీల్చిన ప్రతిసారీ నోరు పుక్కిలించమనండి. మింగడానికి నొప్పిగా ఉన్నా, బిడ్డ పాలు మానేసినా ఆ రోజే డాక్టరు దగ్గరికి తీసుకురండి.