మెడపై గడ్డను దాచుకోవద్దు

ప్రతి వ్యాధికీ అల్లాహ్ మందు సృష్టించాడనీ, వైద్యం చేయించుకోమనీ దైవప్రవక్త (స) బోధించారు. అయినా మన ఇళ్లలో మెడపై గడ్డ కనిపిస్తే తాయెత్తుతో సరిపెట్టుకునేవారు, బురఖా చాటున దాచుకునే అక్కచెల్లెళ్లు ఉన్నారు. థైరాయిడ్ క్యాన్సర్ పురుషులకన్నా స్త్రీలకే దాదాపు 3 రెట్లు ఎక్కువగా వస్తుంది. కనుక మా మనవి ముఖ్యంగా వారికే.

ముందు భయం వదులుదాం. థైరాయిడ్ గడ్డల్లో నూటికి 90 వరకు క్యాన్సర్ కావు. అయితే హార్మోన్ల రక్తపరీక్ష బాగుందని ఊరుకోకూడదు; క్యాన్సర్ ఉన్నా అది మామూలుగానే ఉండవచ్చు. అల్ట్రాసౌండ్‌లో అనుమానం వస్తే సన్నని సూదితో కణాలు తీసి మైక్రోస్కోపు కింద చూస్తారు. కోత ఉండదు, కొద్ది నిమిషాల పని.

క్యాన్సరైతే ఏ రకమో తేలాలి. ఎక్కువగా కనిపించేది పాపిల్లరీ. నిదానంగా పెరుగుతుంది, చాలావరకు సూది పరీక్షలోనే బయటపడుతుంది. ఫాలిక్యులర్‌ను సూది తేల్చలేదు. వ్యాధి గడ్డ పొరను దాటిందా, రక్తనాళాల్లోకి చొరబడిందా అన్నది ఆపరేషన్‌లో తీసిన గడ్డను పరీక్షిస్తేనే తెలుస్తుంది. మెడుల్లరీకి రక్తంలో కాల్సిటోనిన్ చూస్తారు. ఇది సుమారు నలుగురిలో ఒకరికి వంశపారంపర్యం. అప్పుడు రక్తసంబంధీకులకూ పరీక్ష అవసరం. అనాప్లాస్టిక్ అరుదు. ఎక్కువగా వృద్ధుల్లో, వారాల్లోనే పెరిగిపోతుంది.

అనకాపల్లి నుంచి విశాఖ వెళ్లే దారిలో, అగనంపూడిలో, టాటా మెమోరియల్ సెంటర్ వారి హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రి ఉంది. మహిళా డాక్టర్ కావాలని అడగడానికి సంకోచం వద్దు. గొంతు బొంగురుపోయినా, మింగుడు పడకున్నా ఆలస్యం చేయవద్దు. దుఆ చేద్దాం, పరీక్షా చేయించుకుందాం.