అయస్కాంతం చూపగానే ద్రవానికి ముళ్ళెందుకు లేస్తాయి?

గాజు పళ్ళెంలో చెంచాడు నల్లటి ద్రవం పోశారనుకోండి. చూడ్డానికి వాడేసిన ఇంజనాయిల్‌లా ఉంటుంది, పళ్ళెం వంచితే అలాగే జారుతుంది. అడుగున బలమైన అయస్కాంతం పెట్టగానే మధ్యకు పోగై, ఒళ్ళంతా వాడిగా ముళ్ళు లేపుతుంది. అయస్కాంతాన్ని పక్కకు జరిపితే ముళ్ళన్నీ దాని వెంటే నడుస్తాయి. తీసేస్తే మళ్ళీ మామూలుగా పరుచుకుంటుంది. దీని పేరు ఫెర్రోఫ్లూయిడ్. మొదటిసారి చూసినవాళ్ళు చాలామంది అడిగే ప్రశ్న: ఇది కరిగించిన ఇనుమా?

కాదు. కరిగిన ఇనుమును అయస్కాంతం అలా లాగలేదు. ఇనుముకు ఆ ఆకర్షణ గుణం 770 డిగ్రీల సెల్సియస్ దగ్గరే పోతుంది. అది కరగాలంటే 1538 డిగ్రీలు కావాలి. అంటే కరిగే వేళకు మనకు కావలసిన గుణం ఎప్పుడో పోయి ఉంటుంది.

మరి ఇనుప రజనును నూనెలో కలిపితే? ఇంట్లోనే చేసి చూడొచ్చు. కలిపిన కాసేపటికే రజను అడుగుకు చేరుతుంది. సీసా పక్కన అయస్కాంతం పెడితే రజను ఒక్కటే వచ్చి గోడకు అంటుకుంటుంది, నూనె ఎక్కడిదక్కడే ఉండిపోతుంది. కిటుకంతా ఈ రెండూ విడిపోకుండా చూడటంలోనే ఉంది.

అందుకు మొదట కావలసింది అతి చిన్న పరిమాణం. ఫెర్రోఫ్లూయిడ్‌లో ఉండేది సాధారణంగా మాగ్నెటైట్ అనే ఇనుప ఆక్సైడు. ఒక్కో రేణువు సుమారు 10 నానోమీటర్లు, అంటే మిల్లీమీటరులో లక్షో వంతు. అంత చిన్నదాన్ని చుట్టూ ఉన్న ద్రవ అణువులు ఎడతెగకుండా గుద్దుతూనే ఉంటాయి కాబట్టి అడుగుకు దిగే వీలుండదు. కానీ రేణువులు ఒకదాన్నొకటి లాక్కుని ముద్ద కట్టే ప్రమాదం ఇంకా ఉంది. దాన్ని ఆపేది ఓలియిక్ ఆమ్లం లాంటి పూత. ఆ ఆమ్లపు అణువు ఒక కొస రేణువుకు అతుక్కుంటుంది, పొడవాటి తోక నూనెలోకి చాచుకుంటుంది. రెండు రేణువులు దగ్గరకొస్తే ముందు తోకలు అడ్డుపడతాయి. అయస్కాంతం రేణువులను లాగినప్పుడు వాటితోపాటు నూనె కూడా కదులుతుంది. ఘనపరిమాణంలో చూస్తే రేణువులు దాదాపు 5 శాతం, పూత 10 శాతం, మిగతాదంతా ద్రవమే. ఇంత కొద్ది ఇనుము అంత నూనెను కదిలించడం నాకు ముళ్ళకన్నా పెద్ద వింత.

దీన్ని తయారుచేసింది ఆటకు కాదు. అంతరిక్షంలో బరువు తెలియదు కాబట్టి రాకెట్ ట్యాంకులో ఇంధనం ఎటుబడితే అటు తేలుతుంది. దాన్ని పంపు నోటి దగ్గరకు చేర్చడం ఎలా? 1963లో క్లీవ్‌లాండ్‌లోని నాసా కేంద్రంలో స్టీవ్ పాపెల్ అనే ఇంజనీరు, ఇంధనాన్నే అయస్కాంతం లాగేలా చేస్తే సరిపోతుంది కదా అనుకున్నాడు. మాగ్నెటైట్‌ను ఓలియిక్ ఆమ్లంతో కలిపి బాల్ మిల్లులో రోజుల తరబడి నూరించాడు. చివరికి రాకెట్లు వేరే దారి పట్టాయి, ద్రవం మాత్రం నిలిచింది. దాన్ని మెరుగుపరిచి, దాని శాస్త్రాన్ని కట్టినవాడు రొనాల్డ్ రోజెన్స్‌వైగ్.

ముళ్ళ సంగతి 1967లో కౌలీ అనే మరో పరిశోధకుడితో కలిసి వివరించింది కూడా ఆయనే. ద్రవం పైభాగంలో ఎక్కడో చిన్న ఉబ్బు లేస్తుంది. అయస్కాంత క్షేత్రం ఆ ఉబ్బు కొనలో గుమిగూడుతుంది. అక్కడ లాగుడు పెరిగి ఉబ్బు ఇంకాస్త ఎదుగుతుంది. తలతన్యత దాన్ని చదును చేయాలని చూస్తుంది, గురుత్వాకర్షణ కిందికి దించాలని చూస్తుంది. క్షేత్రం ఒక హద్దు దాటేదాకా ఈ రెండిటిదే గెలుపు. దాటిన క్షణంలో ముళ్ళన్నీ ఒక్కసారిగా లేస్తాయి. క్షేత్రం అంతటా సమంగా ఉంటే ఒక్కో ముల్లు చుట్టూ ఆరేసి ముళ్ళు, తేనెపట్టు గదుల వరసలో.

ఎక్కడ వాడతారు? నా దృష్టిలో గొప్ప పని సీలుది. చిప్‌లు చేసే యంత్రాల్లో లోపల శూన్యం ఉండాలి, బయటి మోటారు లోపలి ఇరుసును తిప్పాలి. రబ్బరు సీలు అరిగి పొడి రాలుస్తుంది. అక్కడ ఇరుసు చుట్టూ అయస్కాంతం అమర్చి, సన్నటి సందులో ఈ ద్రవం వేస్తారు. అది వలయాలుగా నిలిచి గాలిని అడ్డుకుంటుంది. ఒక్కో వలయం ఆపేది వాతావరణ పీడనంలో ఐదో వంతు లాంటిదే, అందుకే వరసగా కొన్ని పెడతారు. ఇరుసు తిరుగుతూనే ఉంటుంది, ఘనపదార్థం ఘనపదార్థాన్ని రాసుకోదు.

లౌడ్‌స్పీకర్లలో కాయిల్ వేడెక్కుతుంది. కాయిల్ కదిలే సందులో ఈ ద్రవం చుక్కలు వేస్తే వేడిని గాలికన్నా బాగా బయటికి పంపుతుంది, అదురును కూడా అదుపు చేస్తుంది. స్పీకరులోని అయస్కాంతమే దాన్ని పట్టి ఉంచుతుంది కాబట్టి కారిపోదు. వైద్యంలో పూత పూసిన ఇనుప ఆక్సైడు రేణువులను మెదడు కణితిలోకి ఎక్కించి, దిశ మారుతుండే క్షేత్రంతో వేడెక్కించే పద్ధతి ఉంది. కొన్ని కార్ల షాక్ అబ్జార్బర్లలో అయస్కాంత క్షేత్రంతో గట్టిపడే ద్రవం మాత్రం వేరు. అందులోని రేణువులు వందల రెట్లు పెద్దవి. క్షేత్రం పడగానే గొలుసులు కట్టి ద్రవాన్ని దాదాపు గడ్డకట్టిస్తాయి. ఫెర్రోఫ్లూయిడ్ ఎంత బలమైన క్షేత్రంలోనూ ద్రవంగానే ఉంటుంది.

అయితే ఈ ద్రవం తానే అయస్కాంతంగా ఎందుకు ఉండిపోదు? ప్రతి రేణువూ ఒక బుల్లి అయస్కాంతమే. క్షేత్రం ఉన్నంతసేపు అన్నీ ఒకే దిక్కుకు తిరుగుతాయి. తీసేయగానే ఉష్ణ చలనం వాటిని తలోవైపు తిప్పేస్తుంది. 2019లో అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలలో థామస్ రస్సెల్ బృందం దీన్నీ దాటింది. నూనెలో ఉంచిన మిల్లీమీటరు నీటి చుక్క ఉపరితలం మీద రేణువులను కదలడానికి చోటు లేనంతగా కిక్కిరిసేలా చేశారు. బయటి అయస్కాంతం తీసేసినా ఆ చుక్క ఉత్తర దక్షిణ ధ్రువాలతో అయస్కాంతంగానే మిగిలింది. ఆకారం మార్చినా, చిన్న చుక్కలుగా విడగొట్టినా ఆ గుణం పోలేదు.