కిలో పెరిగితే గుబులు

బిడ్డ ఒక కిలో బరువు పెరిగితే ఏ తల్లైనా మురిసిపోయి దిష్టి తీస్తుంది. గౌచర్ జబ్బున్న బిడ్డ ఇంట్లో ఆ కిలో కూడా మందు ఖర్చు లెక్కలోకే వెళ్తుంది.

పొట్ట ఉబ్బి, కాళ్లూ చేతులూ సన్నబడిన పిల్లల్ని చూస్తే మన పల్లెల్లో ‘కడుపులో బల్ల’ అనేవారు. వాతలూ పెట్టించేవారు. ఇప్పుడు నులిపురుగుల మందు, రక్తం పట్టే టానిక్కు అయ్యాక పట్నం ఆసుపత్రికి తీసుకెళ్తారు. అక్కడ రక్తక్యాన్సరేమోనని ఎముక మూలుగ తీసి పరీక్షిస్తారు. ఎంజైమ్ పరీక్ష దాకా వచ్చేసరికే ఏళ్లు గడిచిపోతాయి.

ఒంట్లో పాతబడిన కణాల కొవ్వును విడగొట్టే ఎంజైమ్ ఈ పిల్లలకు పుట్టుకతోనే కొరవడుతుంది. ఆ కొవ్వు ప్లీహంలో, కాలేయంలో, మూలుగలో పేరుకుంటుంది. రక్తం తగ్గుతుంది, ముక్కు నుంచి కారితే ఓ పట్టాన ఆగదు. ఎముకల నొప్పులు నిద్రపోనివ్వవు, ఈడుకు తగ్గ ఎత్తు రాదు. కొన్ని రకాల్లో మెదడూ దెబ్బతింటుంది.

లోపమున్న జన్యువు తల్లి నుంచీ తండ్రి నుంచీ వస్తేనే ఈ జబ్బు. అలాంటి దంపతులకు ప్రతి కాన్పులోనూ 25 శాతం ముప్పు ఉంటుంది. మేనరికాల్లో ఇద్దరికీ ఒకే లోపం ఉండే అవకాశం ఎక్కువ. సొంత మేనమామనే చేసుకున్న ఇంట్లో కూడా నింద తల్లి మీదే పడుతుంది. ఎంత అన్యాయం!

మందు లేదా అంటే, ఉంది. లోపించిన ఎంజైమ్‌ను రెండు వారాలకోసారి సెలైన్‌లా ఎక్కిస్తే బల్ల తగ్గుతుంది, పిల్లలు బడికి వెళ్లగలుగుతారు. మెదడుకు పాకిన జబ్బుకు మాత్రం ఇది పనిచేయదు. మోతాదు బరువును బట్టి. కిలోకు 60 యూనిట్ల చొప్పున ఇస్తే 10 కిలోల బిడ్డకు విడతకు 600 యూనిట్లు, 20 కిలోలకు 1,200. ఇలా జీవితాంతం ఎక్కించాలి. 10 కిలోల బిడ్డకు ఇలాంటి కొన్ని అరుదైన జబ్బుల వైద్యానికి ఏడాదికి 10 లక్షల నుంచి కోటి రూపాయలకు పైగా ఖర్చు కావచ్చని 2021 నాటి కేంద్రప్రభుత్వ విధానపత్రమే ఒప్పుకుంది. 2022లో కేంద్రం ఇచ్చే సాయాన్ని ఒక్కో రోగికి మొత్తంగా 50 లక్షల దాకా పెంచారు. మనకు ఆ సాయంతో వైద్యం అందించే బాధ్యత హైదరాబాద్‌లోని నిమ్స్, సీడీఎఫ్‌డీలది.

50 లక్షలు చిన్న మొత్తమేమీ కాదు. కానీ బిడ్డ ఎదుగుతుంటే మందు పెరుగుతుంది, మంజూరైన సొమ్ము పెరగదు. వైద్యం ఫలించి బిడ్డ కోలుకుంటున్న కొద్దీ ఆ సొమ్ము ఇంకా త్వరగా కరిగిపోతుంది. ఈ సాయాన్ని ఏడాదికింత అని, బిడ్డ బరువును బట్టి లెక్కకట్టాలి. మందు ఆగితే కొవ్వు మళ్లీ పేరుకుంటుంది, తగ్గిన బల్ల మళ్లీ పెరుగుతుంది.