పోడు కొండపై స్థిర సేద్యం: ముందు మట్టిని నిలపండి

తూర్పు కనుమల్లో కొండ వాలున తుప్పలు నరికి, వేసవిలో కాల్చి, తొలకరికి సామ, చోడి, కంది, జొన్న కలిపి చల్లడం పోడు వ్యవసాయం. బూడిదే ఎరువు. రెండు మూడేళ్లు పండించాక ఆ కొండను ఏళ్ల తరబడి వదిలేస్తే అడవి మళ్లీ పెరిగి నేల కోలుకునేది. ఇప్పుడు భూమి చాలక కొద్ది ఏళ్లకే అదే వాలును మళ్లీ కాల్చాల్సి వస్తోంది. బూడిద, పైమట్టి వానలకు గెడ్డల్లోకి పోతున్నాయి. దిగుబడి తగ్గడానికి ముఖ్య కారణం ఇదే.

వాలుకు అడ్డంగా కట్టలు

పొలంలో ఏరిన రాళ్లను వాలుకు అడ్డంగా, ఒకే మట్టంలో పేర్చండి. మట్టం చూడడానికి రెండు సమాన కర్రలను పైన కలిపి కట్టి, కాళ్లు విడదీసి, మధ్యలో అడ్డకర్ర బిగించండి. పైనుంచి రాయి కట్టిన దారం వేలాడదీయండి. దారం అడ్డకర్ర నడిమి గుర్తుపై నిలిస్తే రెండు కాళ్లూ ఒకే మట్టంలో ఉన్నట్టు. కట్టల వెంట గ్లైరిసీడియా నాటి, కొమ్మలు కత్తిరించి నేలపై పరచండి. చెత్తను కాల్చవద్దు.

చెట్ల పంటలు

పాడేరు, చింతపల్లి, అరకు వంటి ఎత్తైన చోట్ల అరబికా కాఫీ అనుకూలం. ముందు సిల్వర్ ఓక్ నాటి, నీడ వచ్చాకే కాఫీ వేయండి. నీడ తక్కువైతే కాండం తొలుచు పురుగు ఎక్కువవుతుంది. చెట్లు ఎదిగాక మిరియం తీగ పాకించవచ్చు. తక్కువ ఎత్తులో జీడిమామిడి మేలు.

తిండి పంట మానవద్దు

కాఫీ కాపుకు రావడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది. కొండంతా ఒకేసారి కాఫీ వేస్తే, అంతవరకు చోళ్లు, కందులు సంతలో కొనాలి. అప్పు అక్కడే మొదలవుతుంది. అందుకే మొదట కొంత భాగంలోనే మొక్కలు నాటండి. మిగతా చోట చోడి, సామ, కంది, రాజ్‌మా కొనసాగించి, మీ పాత విత్తనాన్ని దాచుకోండి.

పట్టా

2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం, 2005 డిసెంబరు 13కు ముందు నుంచి అటవీ భూమిని సాగు చేస్తున్న గిరిజన కుటుంబాలు 4 హెక్టార్ల వరకు హక్కు కోరవచ్చు. దరఖాస్తు గ్రామసభకు ఇవ్వాలి. ఈ హక్కు వారసులకు వస్తుంది కానీ అమ్మడానికి వీలులేదు. చెట్టు పెట్టుబడి ఏళ్ల తరబడి ఉండేది కాబట్టి, నాటే ముందే పట్టా సంగతి చూసుకోండి.