విద్యార్థినుల స్త్రీవాద సంఘ నిర్మాణం: ఉస్మానియా కరపత్రం నుండి అనంతపురం అర్జీ దాకా

1. ఉపోద్ఘాతం

తెలుగు స్త్రీవాదంపై జరిగిన సాహిత్య పరిశోధనలో అధిక భాగం 1980ల కవిత్వంతో మొదలవుతుంది. ఓల్గా ‘స్వేచ్ఛ’ నవల (1987), ‘నీలిమేఘాలు’ కవితా సంకలనం (1993) ప్రస్తావనకు రాని సిద్ధాంత గ్రంథం అరుదు. అచ్చయిన పుస్తకం గ్రంథాలయంలో దొరుకుతుంది కనుక పరిశోధన అక్కడి నుండి బయలుదేరడం సహజం. అయితే ఆ కవిత్వానికి ముందే సమావేశాలు, కరపత్రాలు, ఊరేగింపులు జరిగాయి. వాటిని నడిపినవారిలో చాలామంది కళాశాల విద్యార్థినులు. వారి పనిని మనం ‘నేపథ్యం’ అనే శీర్షిక కింద ఒక పేరాలో ముగించి ముందుకు సాగిపోతున్నాం.

విద్యార్థినులు సంఘంగా ఏర్పడడానికి భావజాలం ఒక్కటే చాలదు. తరగతి ముగిశాక ఒకచోట కూర్చోగలిగే సమయం, ఇంటివారి కంటికి కొంత దూరంగా ఉండే తావు కూడా కావాలి. ఈ రెండూ దొరికిన చోట 1970లలో ఏమి జరిగిందో, అవి దొరకని అనంతపురం వంటి కరువు సీమలో ఆ పని ఏ రూపం తీసుకుంటున్నదో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. 1974: ప్రగతిశీల మహిళా సంఘం

1972 ఏప్రిల్ 14న ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలో జార్జిరెడ్డి హత్య జరిగింది. ఆ తరువాత ఉధృతమైన వామపక్ష విద్యార్థి రాజకీయాల నుండే 1974లో హైదరాబాదులో ‘ప్రోగ్రెసివ్ ఆర్గనైజేషన్ ఆఫ్ విమెన్’ పుట్టింది. తెలుగులో అది ప్రగతిశీల మహిళా సంఘం, వాడుకలో పి.ఓ.డబ్ల్యు. దాన్ని నిర్మించినవారిలో ఉస్మానియా విద్యార్థినులు ముఖ్యులు. భారతదేశంలో అత్యవసర పరిస్థితికి పూర్వం ఏర్పడిన తొలి స్త్రీవాద బృందాల్లో దీనిని ఒకటిగా చరిత్రకారులు గుర్తిస్తారు.

ఆ సంఘం 1974లో రూపొందించిన ముసాయిదా ప్రణాళిక స్త్రీల అణచివేతకు రెండు మూలాలను గుర్తించింది. ఒకటి, స్త్రీ పురుషుల మధ్య శ్రమ విభజన. రెండవది, ఆ విభజనను న్యాయమైనదిగా నిలబెట్టే సంస్కృతి. ఇందులో రెండవ అంశం సాహిత్య విద్యార్థులకు మరింత ముఖ్యమైనది. వర్గపోరాటం ముగిసిన తరువాత స్త్రీ సమస్య దానంతటదే తీరుతుందన్న వాదన ఆనాటి వామపక్షంలో బలంగా ఉండేది. సంస్కృతిని అణచివేతకు మూలంగా చెప్పడం ద్వారా, సామెతలో, పెళ్ళిపాటలో, సినిమా పోస్టరులో ఉన్న స్త్రీని కూడా రాజకీయ చర్చకు తీసుకురావచ్చని ఆ ప్రణాళిక సూచించింది. తరువాతి స్త్రీవాద విమర్శ పురాణాన్నీ కావ్యాన్నీ తిరిగి చదివిన పద్ధతికి బీజం ఇక్కడే ఉన్నదని నా అభిప్రాయం.

ఆచరణలో వారు చేపట్టినవి ఆకాశంలోని ప్రశ్నలు కావు. కళాశాల దారుల్లో ఆడపిల్లలను వేధించడం, అశ్లీల పోస్టర్లు, వరకట్నం: ఇవి విద్యార్థిని రోజూ ఎదుర్కొనేవే. వరకట్న నిషేధ చట్టం 1961లోనే వచ్చినా, దాన్ని వీధిలో ప్రశ్నగా మార్చినది 1975లో హైదరాబాదులో జరిగిన నిరసనలే. వాటిలో కొన్నింటికి రెండు వేల మంది దాకా హాజరైనట్లు స్త్రీల ఉద్యమ చరిత్రలో నమోదైంది. 1975 జూన్ 25న అత్యవసర పరిస్థితి వచ్చిపడింది. కార్యకర్తల్లో చాలామంది అజ్ఞాతంలోకి వెళ్ళవలసి వచ్చింది. వరకట్న వ్యతిరేక ఉద్యమం విస్తరించక ముందే ఆగిపోయింది.

3. ఇల్లు అనే అడ్డంకి, ఉద్యమం అనే ఇల్లు

విద్యార్థుడు ఉద్యమంలోకి వెళితే ఇంట్లో గొడవ జరుగుతుంది. విద్యార్థిని వెళితే ఆమె చదువే ఆగిపోతుంది. ఈ తేడాను విద్యార్థి ఉద్యమ చరిత్రలు తగినంతగా పట్టించుకోలేదు. ఆ తరానికి చెందిన గీతా రామస్వామి 2022లో ఆంగ్లంలో ప్రచురించిన ఆత్మకథలో, రాజకీయాల నుండి తనను మళ్ళించడానికి సొంత కుటుంబమే తనను నిర్బంధించి విద్యుత్ షాక్ చికిత్స ఇప్పించిన సంగతి రాశారు. ఆమె 1980లో హైదరాబాద్ బుక్ ట్రస్ట్ స్థాపకుల్లో ఒకరై తెలుగు ప్రచురణ రంగాన్ని మార్చిన వ్యక్తి. ఆమె బయటపడగలిగారు. అలా బయటపడలేక, పేరు కూడా మిగలక ఇళ్ళలోకి వెళ్ళిపోయినవారు ఎందరో లెక్క ఎవరి వద్దా లేదు.

1978 మార్చిలో హైదరాబాదు నల్లకుంట పోలీసు స్టేషనులో రమీజాబీపై అత్యాచారం జరిగింది. ఆమె భర్త, రిక్షా కార్మికుడు అహ్మద్ హుస్సేన్ దెబ్బలకు మరణించాడు. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులను దోషులుగా నిర్ధారించినా, రాయచూరుకు బదిలీ అయిన కేసులో వారు నిర్దోషులుగా విడుదలయ్యారు. ఈ ఘటన వెలుగులోనే 1978లో స్త్రీశక్తి సంఘటన ఏర్పడింది. పి.ఓ.డబ్ల్యు. నిర్మాతల్లో ఒకరైన కె. లలితతో పాటు వసంత కన్నబిరాన్, రమా మేల్కోటే, సూసీ తారు, వీణా శత్రుఘ్న మొదలైనవారు ఇందులో ఉన్నారు. విద్యార్థినులుగా మొదలైనవారు అధ్యాపకులతో, వైద్యులతో, రచయిత్రులతో కలిసి ఏ పార్టీకీ అనుబంధం కాని బృందంగా కూర్చోవడం ఇక్కడి కొత్తదనం.

వారు చేసిన పనుల్లో ‘మనకు తెలియని మన చరిత్ర’ (1986) మన పరిశోధన పద్ధతికి పాఠం వంటిది. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలను వెదికి, వారి మాటలను వారి మాటల్లోనే నమోదు చేసిన గ్రంథమిది. పోరాట విరమణ తరువాత ఇంటికి వెళ్ళిపొమ్మన్నప్పుడు తాము ఏమయ్యామో ఆ స్త్రీలు చెప్పుకొన్నారు. తమ కంటే ఒక తరం ముందువారిని అడిగిన ఆ ప్రశ్నలో 1970ల విద్యార్థినుల సొంత ప్రశ్న కూడా దాగి ఉంది: ఉద్యమం ముగిసిన మరునాడు ఉద్యమకారిణి ఎక్కడికి వెళ్ళాలి?

ఈ చరిత్రకు ఒక పరిమితి ఉంది. నగరం, విశ్వవిద్యాలయం, ఆంగ్ల భాషా పరిచయం, ఎక్కువ సందర్భాల్లో పై కులాల నేపథ్యం ఆ బృందాలకు ఆసరాలయ్యాయి. దళిత, ముస్లిం రచయిత్రులు తరువాతి కాలంలో లేవనెత్తిన విమర్శ ఇదే. గోగు శ్యామల సంపాదకత్వంలో వచ్చిన ‘నల్లపొద్దు’ తరువాత తెలుగు స్త్రీవాదాన్ని ఏకవచనంలో మాట్లాడడం సాధ్యం కాలేదు.

4. అనంతపురం: కరువుకూ కళాశాలకూ మధ్య

అనంతపురంలో ఉన్నత విద్య కొత్తది కాదు. దత్తమండలాల పేరు మీద ‘సీడెడ్ డిస్ట్రిక్ట్స్ కాలేజీ’ 1916లోనే ఇక్కడ మొదలైంది. శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం 1981లో ఏర్పడింది. 1952లో జైలు నుండే పోటీ చేసి నీలం సంజీవరెడ్డిని ఓడించిన తరిమెల నాగిరెడ్డి ఈ నేలవాడే. కనుక వామపక్ష సంప్రదాయమూ బలంగానే ఉంది. అయినా ఉస్మానియాలో జరిగినట్లు ఇక్కడి విద్యార్థినులు తమ పేరుతో ఒక సంఘాన్ని నిలుపుకొని చరిత్రకెక్కలేదు. దీనికి ‘చైతన్యం లేకపోవడం’ కారణమని చెప్పడం తేలిక. ఆ మాట అనేముందు ఇక్కడి విద్యార్థిని దినచర్యను చూడాలి.

దేశంలో అతి తక్కువ వర్షపాతం గల ప్రాంతాల్లో అనంతపురం ఒకటి. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ కురిసే వాన మీద, ఎర్రనేలల్లో, దశాబ్దాలుగా వేరుశనగ ప్రధాన పంటగా సాగుతున్నది. వాన రాలితే విత్తనానికి బుడ్డలు ఒలవాలి. ఆ తరువాత కలుపు, ఆపైన కాయలు తెంపడం. ఇవన్నీ ప్రధానంగా ఆడవారి చేతుల మీదుగా నడిచే పనులు. వాన రాలకపోతే తల్లిదండ్రులు బెంగళూరుకో కేరళకో వలస పోతారు. ఇంట్లో ముసలివారినీ చిన్నపిల్లలనూ చూసుకునే బాధ్యత డిగ్రీ చదివే కూతురి మీద పడుతుంది. అంటే పంట పండినా, ఎండినా తరగతి తరువాతి గంట ఆమెది కాదు. సింగమనేని నారాయణ ‘జూదం’, బండి నారాయణస్వామి ‘వానరాలే’ వంటి కథలు కరువు రైతును తెలుగు సాహిత్యం మధ్యకు తెచ్చాయి. ఆ రైతు ఇంటి నుండి కళాశాలకు బస్సెక్కిన కూతురి కోణంలో కరువును చదవడం ఇంకా మిగిలే ఉంది.

మరొకటి పెళ్ళి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 20–24 ఏళ్ళ స్త్రీలలో 29.3 శాతం మందికి 18 ఏళ్ళ లోపే పెళ్ళి జరిగింది. 2006 నాటి బాల్యవివాహ నిషేధ చట్టం ఈ స్థితిలో అక్కరకు వస్తుంది. కానీ డిగ్రీ రెండవ సంవత్సరపు విద్యార్థినికి పద్దెనిమిది నిండి ఉంటాయి. మేనమామతోనో, మేనబావతోనో ఆమె పెళ్ళి నిశ్చయమైతే అది చట్టం దృష్టిలో నేరం కాదు. ఆమె అంగీకారం మాటల్లో ఉంటుంది. పంట పోయిన ఏడాదిలో ఆ అంగీకారం ఎలా వచ్చిందో అడిగే అధికారి ఉండడు. చట్టం చేయి వదిలేసిన ఈ మూడేళ్ళ కాలంలో ఆమెకు అండ కాగలిగేది తోటి విద్యార్థినులు మాత్రమే. హాజరుపట్టీలో ఒక పేరు వరుసగా పది రోజులు కనిపించనప్పుడు ఆ ఊరికి వెళ్ళి వచ్చే స్నేహితురాళ్ళ జట్టును ఏ సంఘం పేరుతోనూ పిలవరు. స్త్రీవాద సంఘ నిర్మాణంలో దానికి చోటు ఇవ్వకపోతే మన నిర్వచనమే చిన్నదవుతుంది.

ఇక తావు సంగతి. ఇక్కడి విద్యార్థినుల్లో చాలామంది ఊరి నుండి ఆర్టీసీ బస్సులో వచ్చిపోయేవారు. సాయంత్రం బస్సు తప్పితే మరో దారి లేదు కనుక సమావేశం ఎప్పుడు ముగియాలో బస్సే నిర్ణయిస్తుంది. 2025 ఆగస్టు 15 నుండి రాష్ట్రంలో స్త్రీలకు ఉచిత బస్సు ప్రయాణం అమలులోకి వచ్చింది. ఆ పథకం పేరు ‘స్త్రీ శక్తి’. 1978లో ఒక బృందం పోలీసు స్టేషనును ప్రశ్నించడానికి పెట్టుకున్న పేరు దాదాపు అర్ధశతాబ్దం తరువాత బస్సు టికెట్టు మీదికి చేరడం భాషా చరిత్రలో ఆలోచించదగిన ప్రయాణమే. ఛార్జీ తగ్గింది, బస్సుల వేళ మాత్రం విద్యార్థిని చేతిలో లేదు. రాత్రిపూట కలిసి ఉండే అవకాశం ఉన్నది సాంఘిక సంక్షేమ, వెనుకబడిన తరగతుల వసతిగృహాల్లో. ఉస్మానియాలో పై కులాల చదువరులకు విశ్వవిద్యాలయ వసతిగృహం ఇచ్చిన తావును, అనంతపురంలో దళిత, బహుజన విద్యార్థినులకు సంక్షేమ వసతిగృహం ఇవ్వగలదు. ఈ ప్రాంతంలో స్త్రీవాద సంఘ నిర్మాణానికి నాయకత్వం ఎక్కడి నుండి రాగలదో ఈ తేడాయే సూచిస్తుంది.

5. అర్జీ అనే ప్రక్రియ

ఇక్కడి విద్యార్థినుల సామూహిక రచనను వెదకాలంటే కరపత్రాల కంటే ముందు అర్జీలను చూడాలి. బస్సు వేళ మార్చమని, మరుగుదొడ్డికి నీళ్ళు ఇవ్వమని, గేటు వద్ద పోకిరీలను ఆపమని ప్రిన్సిపాలుకో, డిపో మేనేజరుకో, కలెక్టరుకో రాసిన కాగితాలవి. అర్జీ భాషకు స్థిరమైన చట్రం ఉంది. ‘ఆర్యా’ అన్న పుంలింగ సంబోధనతో మొదలై, ‘తమ విధేయురాలు’ అన్న ముగింపుతో తల వంచి నిలబడుతుంది. చదివే అధికారి మహిళ అయినప్పటికీ సంబోధన మారదు. కరపత్రం ‘మేము ప్రశ్నిస్తున్నాం’ అంటే అర్జీ ‘ప్రార్థిస్తున్నాం’ అంటుంది. కాబట్టి అర్జీని రాజకీయ రచనగా లెక్కించడానికి మన విమర్శ వెనుకాడుతుంది.

అయితే ఆ కాగితం అడుగున నలభై సంతకాలున్నప్పుడు ‘విధేయురాలు’ బహువచనమవుతుంది. అక్కడ వినయం వ్యాకరణంలో మాత్రమే మిగులుతుంది. సంతకాల వరుసను గమనిస్తే మరో విషయం తెలుస్తుంది. మొదటి సంతకం చేసేవారు దొరకడం కష్టం. ఆ పేరు ఇంటికి చేరుతుందన్న భయమే కారణం. వరుస కనిపించకుండా గుండ్రంగా సంతకాలు చేయడం వంటి ఉపాయాలు ఈ భయం నుండి పుట్టినవే. నెల్లూరు జిల్లా అక్షరాస్యతా తరగతుల్లో చదివిన ఒక పాఠం సారా వ్యతిరేక ఉద్యమానికి ప్రేరణ కావడం, దూబగుంట స్త్రీల కదలిక 1993 అక్టోబరు 1 నాటి సారా నిషేధం దాకా సాగడం తెలిసినవారికి, ఇంత చిన్న రచనకు ఇంత విశ్లేషణ ఎందుకన్న సందేహం కలగదు.

6. నియమావళిలో ఉన్నది, కళాశాలలో లేనిది

లైంగిక వేధింపుల నిరోధానికి సుప్రీంకోర్టు విశాఖ తీర్పు (1997), 2013 చట్టం, దానికి అనుగుణంగా విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2015 నియమావళి వరుసగా వచ్చాయి. ఈ నియమావళిలో విద్యార్థినులకు నేరుగా సంబంధించిన అంశాలు రెండు. భద్రత పేరు చెప్పి వసతిగృహాల్లో అబ్బాయిలకు లేని ఆంక్షలను అమ్మాయిలకు విధించరాదన్నది మొదటిది. ఇది ఎంత స్పష్టంగా ఉన్నదో, అంతగా మరుగున పడింది. రెండవది, విద్యార్థులకు సంబంధించిన ఫిర్యాదులు వచ్చినప్పుడు అంతర్గత ఫిర్యాదుల కమిటీలో డిగ్రీ, పి.జి., పరిశోధక స్థాయిల నుండి ముగ్గురు విద్యార్థులు సభ్యులుగా ఉండాలి. వారు పారదర్శకమైన ప్రజాస్వామిక పద్ధతిలో ఎన్నిక కావాలి.

చిక్కు ఈ ‘ఎన్నిక’ వద్దనే ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో రాష్ట్ర ప్రభుత్వ పరిధిలోని కళాశాలల్లో 1980ల చివరి నుండి విద్యార్థి సంఘాల ఎన్నికలు నిలిచిపోయాయి. 2006లో లింగ్డో కమిటీ నివేదిక ఎన్నికలు జరపాలని చెప్పిన తరువాత కూడా పరిస్థితి మారలేదు. ఎన్నికలే లేని చోట ఎన్నికైన విద్యార్థిని ఎలా వస్తుంది? అధ్యాపకులు నియమించిన విద్యార్థినిని ఫిర్యాదు చేయదలచిన అమ్మాయి తన ప్రతినిధిగా నమ్మాలంటే కష్టం. ఘటన జరిగిన మూడు నెలల్లోగా ఫిర్యాదు చేయాలన్న గడువు ఒకవైపు, ఎవరికి చెప్పాలో తెలియని స్థితి మరోవైపు. విద్యార్థి రాజకీయాలు ఘర్షణలకు దారితీస్తాయన్న వాదనలో నిజం కొంత లేకపోలేదు. జార్జిరెడ్డి హత్యతో మొదలైన చరిత్రను చెప్పుకుంటూ దాన్ని కాదనలేం. అయితే ఆ ఘర్షణల్లో భాగం కాని విద్యార్థిని కూడా తన ఓటును దాని పేరుతోనే కోల్పోయింది.

ఈ ఒక్క ఎన్నికను జరపడానికి ప్రభుత్వ ఉత్తర్వు కోసం ఎదురుచూడవలసిన అవసరం లేదు. నియమావళి దాన్ని ఇప్పటికే కోరుతున్నది. రహస్య బ్యాలెట్టుకు ఒక మధ్యాహ్నం, ఒక గది చాలు. అది సాయంత్రం బస్సు కంటే ముందే ముగియాలి. దానితో పాటు పరిశోధకులు చేయవలసిన పని ఒకటి ఉంది. కళాశాల కార్యాలయాల్లో దస్త్రాల మధ్య ఉన్న పాత అర్జీలు, వసతిగృహాల గోడపత్రికలు ఏటా చెత్తతో పాటు పోతున్నాయి. సంతకాలు చేసినవారి పేర్లను గోప్యంగా ఉంచే పద్ధతిని ముందుగా నిర్ణయించుకొని, వాటి ప్రతులను తీసి భద్రపరచే పనిని తెలుగు శాఖలు ఈ విద్యా సంవత్సరంలోనే మొదలుపెట్టవచ్చు.