రాచపుండునకు వెలుతురు మందు

పెడనలో కలంకారీ అద్దకమును చూచినవారికి లోహమునకును రంగునకును గల చుట్టరికము క్రొత్త సంగతి కాదు. కరక్కాయ నీటిలో తడిపిన గుడ్డపై పటిక ద్రావకముతో అచ్చువేసి, పూర్వము చిరివేరుతోడను, నేడు విస్తారముగా అలిజరిన్‌తోడను కాచుచున్నారు. పటిక తగిలినచోట ఎఱుపు నిలుచును. తగులనిచోట ఉతుకులకు విడిపోవును. ఇనుపముక్కలను బెల్లపునీటిలో పులియబెట్టిన ద్రావకము అదే కరక్కాయ గుడ్డపై నలుపగును. పటికలోని అల్యూమినియము గాని ఇనుము గాని రంగుతో కూడినప్పుడు ఆ రంగునకు ఒంటిగా లేని గుణము పుట్టుచున్నది. ఈ ధర్మమునే ఆధారముగా గొని, రాచపుండు, అనగా క్యాన్సరు, చికిత్సకై రసాయనజ్ఞులు నేడు ఒక నూతన ఔషధజాతిని నిర్మించుచున్నారు.

1897-98 ప్రాంతమున మ్యూనిక్ నగరములో ఆస్కార్ రాబ్ అను వైద్యవిద్యార్థి అక్రిడిన్ అను రంగును నీటిలోని సూక్ష్మజీవులపై ప్రయోగించుచుండెను. స్వల్పమైన రంగు చీకటిలో వానిని చంపలేదు. రంగు లేని వెలుతురును చంపలేదు. రెండును కలిసినప్పుడు అవి చచ్చెను. అతని గురువగు ఫాన్ టాపైనర్ 1903 నాటికే ఇయోసిన్ అను రంగును చర్మపు పుండ్లకు పూసి వెలుతురు పట్టించి చూచెను. మన వైద్యులును బావంచాలను నూరి బొల్లికి పూసి ఎండలో కూర్చుండబెట్టుట కలదు. ఇంతమాత్రమున నవీనశాస్త్రమంతయు మన తాళపత్రములలో నున్నదని చెప్పుట మా యుద్దేశము కాదు. బొల్లి వేఱు, రాచపుండు వేఱు.

ఇందు లోహము చేయు పనియేమి? వెలుతురు సోకిన రంగు అణువు ఉద్రేకస్థితి నొందును. సామాన్యమైన రంగులో ఆ ఉద్రేకము సెకనులో నూఱుకోట్లవ వంతులు కొన్ని గడచునంతలో చల్లారును. రుథీనియము, పల్లాడియము, ప్లాటినము వంటి బరువైన లోహము దానితో కూడియున్నచో, ఆ స్థితి మరియొక రూపము దాల్చి వేయిరెట్లు గాని అంతకు మించి గాని నిలువగలదు. ఆ వ్యవధిలో అణువు తన శక్తిని ప్రక్కనున్న ప్రాణవాయువునకు అందించును. అట్లు రెచ్చిన ప్రాణవాయువు తాకిన ప్రతిదానిని కాల్చివేయును. కాని కణములో దాని ఆయుష్షు అత్యల్పము. పుట్టినచోటును విడిచి అది దూరము పోజాలదు. మందు ఒడలంతయు వ్యాపించినను వెలుతురు పడినచోటనే విషమగును. 1978లో అమెరికాలో అనుమతి పొందిన సిస్‌ప్లాటిన్ కూడ లోహౌషధమే. అది ఎందరినో బ్రతికించినది. అయితే దానికి వెలుతురుతో పనిలేదు గనుక ఈ విచక్షణయు లేదు. మూత్రపిండములను, చెవులను సయితము అది బాధించును.

ప్రాణవాయువు చాలని గడ్డలలో ఈ యుపాయము పాఱదు. అందుకొఱకై ఇంగ్లండులోని వారిక్ విశ్వవిద్యాలయమున పీటర్ శాడ్లర్ బృందము ప్రాణవాయువుతో నిమిత్తము లేక, వెలుతురు తగిలినంతనే విచ్చుకొని పనిచేయు ప్లాటినము సమ్మేళనములను నిర్మించినది.

ఎండను గూర్చిన చిక్కు మఱియొకటి. 1993లో కెనడాలో మొదట అనుమతింపబడిన ఫోటోఫ్రిన్ అను లోహరహితమైన మందు పుచ్చుకొన్నవాడు కనీసము ముప్పది దినములు ఎండకన్ను ఎఱుగక యుండవలెను. మొవ్వ ప్రాంతపు వరిచేలలో నాట్లకు, కోతలకు పోవు కూలిమనిషికి ఈ పథ్యమును చెప్పుటెట్లు? చెప్పిన వైద్యుడు ఆమెకు నెలదినముల కూలి యిచ్చునా? పల్లాడియముతో చేసిన టూకాడ్ అను మందు కొలది గంటలలోనే రక్తమునుండి తొలగిపోవును. దానిని 2017లో ఐరోపా సమాజము తొలిదశలోని ప్రోస్టేటు క్యాన్సరునకు అనుమతించినది; 2020లో అమెరికా ప్రభుత్వపు సలహాసంఘము దానికి ప్రతికూలముగా వోటు చేసినది. నిదానముగా పెరుగు అట్టి వ్యాధికి ఈ చికిత్సవలన గలుగు లాభమెంత యను శంకయే అందులకు కారణము. ఆ శంక న్యాయమైనదే. టి.ఎల్.డి. 1433 అను రుథీనియము మందును మూత్రాశయపు క్యాన్సరునకు కెనడాలో పరీక్షించిరి. రెండవ దశ పరీక్ష 2019లో ఆరంభమైనది.

మనకు ముఖ్యమైనది నోటి క్యాన్సరు. పొగాకు, గుట్కా, వక్క మన పల్లెలను వదలలేదు. ఉత్తరకోస్తాలో నిప్పును నోటిలో నుంచుకొని చుట్టకాల్చు అడ్డపొగ అలవాటు అంగిలిని పుండు చేయుట వైద్యులు ఎన్నడో వ్రాసియున్నారు. ఎఱ్ఱని వెలుతురు సయితము మాంసములో సుమారు ఒక సెంటీమీటరుకంటె లోతునకు చాలినంతగా పోదు. కడుపులోని గడ్డకు అది లోపమే గాని నోటికి కాదు. నోరు తెరచిన చాలును. జపానువారు 2020లోనే శస్త్రమునకు లొంగని తలమెడ క్యాన్సరులకు ఇట్టి వెలుతురు చికిత్సను అనుమతించిరి. అందలి రంగు నడుమ నున్న సిలికాన్ నిక్కమైన లోహము కాకపోయినను మార్గ మదియే.

ఈ విద్య మనవారికి రానిది కాదు. ఉస్మానియా విశ్వవిద్యాలయమున ఆచార్య ఎస్. సత్యనారాయణగారును వారి శిష్యులును రుథీనియము సమ్మేళనములు డి.ఎన్.ఏ.తో పెనవేసికొనుటను, వెలుతురు సోకినప్పుడు దానిని తెంచుటను గూర్చి అనేక వ్యాసములు ప్రకటించిరి. బెంగుళూరు విజ్ఞానసంస్థలో అఖిల్ చక్రవర్తిగారు ఇనుము, రాగి, వెనేడియము వంటి చవుక లోహములతోనే ఆ పని చేయించి చూపిరి. కాని పరీక్షనాళికనుండి రోగిమంచము వఱకు గల దారిని నడచుటకు రసాయనజ్ఞుడొక్కడు చాలడు. వైద్యుడు, దీపమును అమర్చు భౌతికశాస్త్రజ్ఞుడు, ధనమిచ్చు ప్రభుత్వము కూడవలెను.

మనము నడువనిచో పరులు నడచి, తమ ధరకు మనకమ్ముదురు. 2012లో ఏమి జరిగినదో పాఠకులు మఱవలేదుగదా! నెలకు సుమారు 2,80,000 రూపాయలు పలికిన సోరాఫెనిబ్ అను క్యాన్సరు మందును 8,800 రూపాయలకు అమ్ముటకు హైదరాబాదులోని నాట్కో కంపెనీ నిర్బంధ లైసెన్సు పొందవలసి వచ్చెను. బందరులో 2023లో ప్రభుత్వ వైద్యకళాశాల వెలసినది. దంతవైద్యులను, ఉస్మానియా రసాయనజ్ఞులను, హైదరాబాదు ఎం.ఎన్.జె. క్యాన్సరు ఆసుపత్రి వైద్యులను కూర్చి, నోటిలోని తొలి తెల్లమచ్చలపై వెలుతురు చికిత్సను శాస్త్రోక్తముగా పరీక్షించు ప్రణాళికను మన ప్రభుత్వములు సిద్ధము చేయింపవలెనని కోరుచున్నాము. అంతవఱకు ఈ మందు పేరుచెప్పి దీపము చూపి డబ్బు గుంజువారిని దరిజేరనీయకుడు. మూడు వారములకును మానని నోటిపుండు గలవారు ఆసుపత్రికి పోవలసినది.